గోలీకి కూలి ఎవడిస్తడు?

"డబ్బులిస్తే గానీ మందులు కూడా మింగరు సార్ వీళ్ళు."

మొన్న మార్చిలో మా స్టాఫ్ రూమ్‌లో విన్న మాట ఇది. అన్నాయన చెడ్డవాడేం కాదు. నాకు లీవు అవసరమైతే అడగకుండానే నా క్లాసులు చూసుకునే మనిషి. మార్చి 24 టీబీ దినం కదా, ఎన్‌ఎస్‌ఎస్ తరఫున కాలేజీలో కార్యక్రమం పెట్టాం. తెలుగు పాఠాలు చెప్పుకునే నేనే ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్‌ని కూడా. (ఎవరికీ వద్దైన పనులు మనలాంటి వాళ్ళ టేబుల్ మీదికి ఎట్లా నడిచొస్తాయో ఇంకో భాగంలో రాస్తా.) వచ్చిన ఆరోగ్య శాఖ ఆయన మైకులో "టీబీ అని తేలితే ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు మీ ఖాతాలో వేస్తుంది. దానికోసమైనా పరీక్ష చేయించుకోండి" అన్నాడు. వెనక బెంచీల నుంచి ఒకడు "రెండుసార్లొస్తే రెండు వేలా సార్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత టీ తాగుతున్నప్పుడు పుట్టింది ఆ మాట.

నేను తిరిగి ఏమీ అనలేదు. అనాల్సింది. అనలేదు కాబట్టే ఇప్పుడు ఇంత పొడుగు రాస్తున్నా.

ఆ మాట నాకు కొత్తది కాదు. 2003లో మా మండలం దవాఖానలో మా నాయిన ముందు, నా ముందు దాని అన్న లాంటి మాట అన్నారు. అప్పుడు వెయ్యి లేదు, వంద లేదు. కాబట్టి మాట ఇంకో తీరుగా ఉండేది: "ఉత్తగ ఇస్తే విలువ తెల్వది మీ వాళ్ళకు." ఇస్తే ఆశపోతులం. ఉత్తగ ఇస్తే విలువ తెలియనివాళ్ళం. మధ్యలో మనం నిలబడడానికి జాగా ఎక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

నాయిన రైస్ మిల్లులో హమాలీ. బస్తాకు ఇంత అని లెక్క. పొద్దున ఎనిమిదింటికి గుంపు కడతారు. ఎనిమిదిన్నరకు పోయినవాడు ఆ రోజుకు లేనట్టే. దవాఖాన తొమ్మిదిన్నరకు తెరిచేవాళ్ళు. అప్పటి డాట్స్ పద్ధతిలో మందులు చేతికిచ్చి పంపేవాళ్ళు కాదు. వారంలో మూడు రోజులు పోయి వాళ్ళ కళ్ళ ముందే మింగాలి, ఒక్కసారే ఏడు గోలీలు. రెండు నెలలు అట్లా. తర్వాత నాలుగు నెలలు వారానికోసారి పోయి మొదటి డోసు అక్కడ మింగి మిగతావి తెచ్చుకోవాలి. ఒక్కో రోగికి ఒక్కో డబ్బా, దాని మీద రోగి పేరు. మా నాయిన పేరు రాసి ఉన్న వస్తువు లోకంలో రేషన్ కార్డు తర్వాత అదొక్కటే అనుకుంటా. అదీ దవాఖాన బీరువాలో ఉండేది.

గోలీలు ఉచితం. వారానికి మూడు రోజుల కూలి మాత్రం పోయేది.

మొదటి రోజే మూత్రం ఎర్రగా వచ్చింది. రిఫాంపిసిన్ వేసుకుంటే అట్లాగే వస్తుంది, భయం లేదు అని ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. రక్తం పోతుందనుకుని నాయిన రెండు రోజులు అమ్మకు కూడా చెప్పుకోలేదు. ఇంకో సంగతి ఆకలి. మందులు పనిచేయడం మొదలైతే చచ్చిపోయిన ఆకలి తిరిగొస్తుంది. డాక్టర్లకు అది మంచి గుర్తు. మా ఇంట్లో అది చెడ్డ వార్త. రెండు పూటల గట్కకే లెక్క చూసుకునే ఇంట్లో నాయిన మూడోసారి కంచం వైపు చూసేవాడు, చూసి లేచిపోయేవాడు.

రెండు నెలలకు దగ్గు పోయింది. తెమడ పరీక్షలో పురుగు లేదన్నారు. నాయిన మానేశాడు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. సైన్సు పుస్తకంలో చదివింది గుర్తుపెట్టుకుని నాయినకు పాఠం చెప్పాను. పురుగులు కొన్ని లోపల దాక్కుంటాయి, ఆరు నెలలు మింగితేనే చస్తాయి అని. "సరే బిడ్డా" అన్నాడు. మర్నాడు మిల్లుకే పోయాడు. నాకు మండిపోయింది. మా నాయినకు తెలివి లేదు, దవాఖానలో అన్నది నిజమే అనుకున్నాను. స్కూల్లో ఎవరైనా అడిగితే టీబీ అని చెప్పేవాణ్ణి కాదు, ఆయాసం అని చెప్పేవాణ్ణి.

ఆ మనిషి చదువుకోలేదు గానీ, ఎన్ని బస్తాలకు ఎంత అనేది గుమాస్తా నోరు తెరవకముందే చెప్పేవాడు. ఆయన లెక్కను నేను ఇన్నేళ్ళ తర్వాత కూర్చుని వేసి చూశాను. ఒక వైపు, మింగితే వచ్చే లాభం: ఎప్పుడో రావచ్చు, రాకపోవచ్చు అనే జబ్బు రాకుండా ఉండడం. అదీ దవాఖానోళ్ళ నోటి మాట మీద. ఆ దవాఖాన అంతకుముందు మా వాడకు చెప్పిన ఏ మాట నిలబెట్టుకుందో ఆయనకు గుర్తు లేదు. రెండో వైపు, మింగితే పోయేది: సోమవారం కూలి, బుధవారం కూలి, శుక్రవారం కూలి, గుంపులో పేరు, దవాఖాన వరండాలో అందరి ముందు పడే మాట. ఇవి మాత్రం ఖాయం. దగ్గే లేనప్పుడు ఏ వ్యాపారి ఈ బేరం చేస్తాడు?

మరుసటి ఏడాది జబ్బు తిరగబెట్టింది. ఈసారి రక్తం పడింది. మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళకు అప్పట్లో ఎనిమిది నెలల వైద్యం. మొదటి రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ సూదులు, మొత్తం 24. ఈసారి నాయిన ఒక్క రోజు తప్పలేదు. ఏం మారింది? డబ్బులేమీ ఇవ్వలేదు. పురుగుల మీద నాయినకు కొత్తగా జ్ఞానం కూడా రాలేదు. డబ్బా జాగా మారింది, అంతే. మా వాడ మొగదల గది పెట్టుకున్న ఆర్‌ఎంపీకి ఆ డబ్బా అప్పగించారు. ఆయన ఆరింటికే తలుపు తీసేవాడు. సూది, గోలీలు అయ్యాక నాయిన ఎనిమిదింటికల్లా మిల్లులో ఉండేవాడు. అంగన్‌వాడీలో పనిచేసే మా పెద్దమ్మ దారిలో ఆపి గ్లాసుడు జావ ఇచ్చేది. అట్లా ఇవ్వాలని ఆమెకు ఏ రూలూ లేదు.

జబ్బు పోయింది. కానీ అప్పటికే ఊపిరితిత్తి సగం పాడైంది. నాయిన మళ్ళీ బస్తా ఎత్తలేదు. ఆ తర్వాత మా ఇల్లు అమ్మ కూలి మీద నడిచింది, నా చదువు ఎస్సీ హాస్టల్ మీద నడిచింది. ఆ కథ పాత భాగాల్లో రాశాను.

నేను సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాణ్ణి కాబట్టి ఒక పక్క మాట. పాత సినిమాల్లో టీబీ ప్రేమలో ఓడిపోయినవాళ్ళకు వస్తుంది. తెల్ల రుమాలు, దాని మీద రెండు ఎర్ర చుక్కలు, వెనక వీణ. మా వాడలో రుమాలు ఎవరికీ లేదు. తువ్వాల ఉండేది, దానితోనే చెమట, దానితోనే తెమడ.

ఇక అమ్మ సంగతి. 1994లో మా చెల్లె పుట్టాక అమ్మ పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంది. నాయిన గోలీల కోసం ఆరు కిలోమీటర్లు నడిచిపోవాల్సిన దవాఖానే అది. కానీ అమ్మ కోసం జీపు వచ్చింది, మా వాడ దాకా. అప్పటిదాకా మా వాడకు జీపు వస్తే పోలీసులదే. ఆపరేషన్ అయిన సాయంత్రమే డబ్బులు చేతిలో పెట్టారు. బ్యాంకు లేదు, కాగితం లేదు, రేపు రా అనడం లేదు. ఆ రోజుల్లో కింది సిబ్బందికి ఇన్ని ఆపరేషన్లు చేయించాలని టార్గెట్లుండేవి. 1996లో కేంద్రం ఆ టార్గెట్లు ఎత్తేశామంది. అంతకుముందు ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. ఎక్కువగా మగవాళ్ళకు. ఆ దెబ్బకు ప్రభుత్వం పడిపోయాక మగవాళ్ళను వదిలేసి ఆడవాళ్ళ మీద పడ్డారు. టార్గెట్లు పోయాయన్న చాలా ఏళ్ళకు, 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక్క క్యాంపులో ఒకే డాక్టరు కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు. 13 మంది తల్లులు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్ళలో ఈ క్యాంపులు ఆపాలని చెప్పాల్సి వచ్చింది.

అమ్మను కేవలం బాధితురాలిగా రాస్తే ఆమె ఊరుకోదు. ఒకసారి అడిగితే, "నాకు గావాలె, చేయించుకున్న. జీపు రాకున్నా నడిచి పోయేదాన్ని. వారం రోజులన్న పండుకోనియ్యలే, గదీ నా బాధ" అంది. ఆమెకు కావాల్సింది డబ్బు కాదు, వారం రోజుల విశ్రాంతి. దానికి పథకం లేదు.

నేను చూసింది ఇది. సర్కారుకు తనకు లాభం ఉన్నచోట దారి తెలుసు. జీపు తెలుసు, ఆ పూటే డబ్బు చేతిలో పెట్టడం తెలుసు. మనకు లాభం ఉన్నచోట మాత్రం మన తెలివి సంగతి గుర్తొస్తుంది.

సరే, ఆశకు పరీక్షలు చేయించుకునేవాళ్ళ సంగతికొద్దాం. మా స్టాఫ్ రూమ్‌లో జనవరి, ఫిబ్రవరి నెలలు చూడండి. ఆదాయ పన్ను పాత పద్ధతిలో 80డీ అని పిలిచే వెసులుబాటు ఒకటి ఉంది. ఆరోగ్య బీమా కడితే 25 వేల దాకా పన్ను లెక్కలోంచి మినహాయింపు. అందులోనే ముందస్తు ఆరోగ్య పరీక్షలకు 5 వేలు. ఆ రెండు నెలలూ మావాళ్ళకు ఒక్కసారిగా ఆరోగ్యం గుర్తొస్తుంది. ఎవరు ఏ డయాగ్నస్టిక్ సెంటర్లో ప్యాకేజీ చేయించుకున్నారు, రసీదు వచ్చిందా, క్లర్కుకు ఇచ్చారా. నేనూ చేయించుకున్నా. తప్పు కాదు. ప్రభుత్వం ఏదో ఒక లాభం చూపెట్టింది, వాయిదా వేస్తూ వచ్చిన పని ఆ నెలలో అయిపోయింది. దానికి పేరు ట్యాక్స్ ప్లానింగ్. మావాడు వెయ్యి రూపాయల కోసం తెమడ డబ్బీ పట్టుకుని నిలబడితే దానికి పేరు ఆశ.

విద్యార్థులు చదవాల్సిన ఒక అధ్యయనం ఉంది. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ జిల్లా, 134 ఊళ్ళు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ళ బృందం చేసింది, 2010లో అచ్చయింది. చిన్నపిల్లలకు టీకాల సంగతి. కొన్ని ఊళ్ళలో ఏమీ చేయలేదు. కొన్ని ఊళ్ళలో నెలనెలా తప్పకుండా టీకాల క్యాంపు జరిగేట్టు చూశారు. ఇంకొన్ని ఊళ్ళలో ఆ క్యాంపుతో పాటు, వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, టీకాలన్నీ పూర్తయితే పళ్ళేల సెట్టు. ఏమీ చేయని ఊళ్ళలో టీకాలు పూర్తయిన పిల్లలు నూటికి 6. క్యాంపు ఉన్నచోట 18. క్యాంపూ పప్పూ ఉన్నచోట 39.

దీన్ని అందరూ పప్పు కథగానే చెబుతారు. పేదోళ్ళకు పప్పు చూపిస్తే వస్తారు అని. నాకు పప్పు మీద కోపం లేదు, 18 నుంచి 39 అంటే చిన్న సంగతి కాదు. కానీ 6 నుంచి 18కి ఎట్లా వచ్చిందో ఎవరూ మాట్లాడరే. చెప్పిన రోజు చెప్పిన చోట నర్సు ఉంది. అంతే కదా! ఒక్క గింజ పప్పు ఇవ్వకుండా మూడింతలు. తల్లి బిడ్డనెత్తుకుని, ఆ పూట కూలి వదులుకుని పోతే తాళం కనబడని రోజు ఆమె లెక్కే మారిపోయింది. మా నాయినకు ఆర్‌ఎంపీ తలుపు తెరుచుకున్నట్టు. పప్పు కూడా అందుకే పనిచేసింది అనుకుంటా. టీకా లాభం ఎప్పుడో కనబడకుండా వస్తుంది, పప్పు ఆ సాయంత్రమే కుండలో ఉడుకుతుంది. అది 80డీ రసీదు కంటే హీనమైన ఆలోచన ఏమీ కాదు.

టీబీ విషయంలో తిండిని ఎర అనడం ఇంకా పెద్ద తప్పు. జార్ఖండ్‌లో చేసి 2023లో లాన్సెట్ పత్రికల్లో వేసిన అధ్యయనం ఉంది, రేషన్స్ అని పేరు. రోగితో పాటు ఆ ఇంట్లో వాళ్ళకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ గోలీలు ఇచ్చారు. ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. అంటుకునే రకం 48 శాతం తగ్గింది. ఇక్కడ పప్పు మందు మింగించడానికి చూపించిన ఆశ కాదు. పప్పే మందు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలో ఉంటే, దానికి పురుగు ఎంత కారణమో ఖాళీ కుండ అంత కారణం. 2018 ఏప్రిల్ నుంచి పోషణ కోసం నెలకు 500, 2024 నవంబర్ నుంచి వెయ్యి ఇస్తున్నారు. వెయ్యి అంటే రోజుకు 33 రూపాయలు. రెండు గుడ్లు, ఒక పాల ప్యాకెట్టుకు కూడా చాలదు. కానీ అది హక్కు, దయ కాదు. తీసుకోవాలి.

తీసుకోవడం ఎట్లా ఉంటుందో మా విద్యార్థి ఒకడు నాకు చూపించాడు. బీఏ రెండో సంవత్సరం. పేరు, ఊరు రాయను. ఆ మార్చి కార్యక్రమంలో తెమడ ఇచ్చినవాళ్ళలో ఒకడికి పాజిటివ్ వచ్చింది. ఎవరో కాదు, "రెండుసార్లొస్తే రెండు వేలా" అన్నవాడే. రిపోర్టు వచ్చిన రోజు నా దగ్గరికొచ్చి జబ్బు గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. రెండే అడిగాడు.

"సార్, రూము ఓనరుకు చెప్తరా?"

"ఆ వెయ్యి ఎవరి ఖాతాల పడ్తయ్ సార్?"

రెండోది విని నాకు స్టాఫ్ రూమ్ మాట గుర్తొచ్చింది. సిగ్గుపడుతూ చెబుతున్నా, ఒక్క క్షణం నేనూ అట్లాగే అనుకున్నా. తర్వాత తెలిసింది. వాడి స్కాలర్‌షిప్ ఖాతా ఇంటర్‌లో తెరిచింది, దానికున్న ఫోన్ నంబరు వాళ్ళ నాన్నది. డబ్బు పడితే మెసేజ్ ఇంటికి పోతుంది. ఏం డబ్బు అని అడుగుతారు. వాళ్ళ అక్కకు సంబంధం మాట్లాడుతున్నారు. ఆ ఇంట్లో టీబీ ఉందని అవతలివాళ్ళకు తెలిస్తే? మందులు మింగుతా సార్, ఖాతా నంబరు మాత్రం ఇయ్య అన్నాడు. డబ్బు కోసమే మింగుతారన్న మనుషుల్లో ఒకడు డబ్బు వద్దని మింగడం మొదలుపెట్టాడు.

రూములో ఇంకా ముగ్గురున్నారు, వాళ్ళకూ పరీక్ష చేయించాలి, చెప్పక తప్పదు అన్నాను. మందులు మొదలైన కొన్ని వారాలకే అంటుకునే ప్రమాదం బాగా తగ్గిపోతుందని కూడా చెప్పాను. రెండు రోజులు ఆలోచించి వాడే చెప్పాడు. ముగ్గురిలో ఒకడు ఆ రాత్రే బ్యాగు సర్దుకున్నాడు. ఇద్దరు ఉండిపోయారు. ఇద్దరికీ నెగెటివ్. ఆశా అక్క రూముకు రాకుండా మెయిన్ రోడ్డు మీద మందుల షాపు దగ్గర గోలీలు ఇస్తానంది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఇట్లా దగ్గరుండి వైద్యం పూర్తి చేయిస్తే ఆమెకూ వెయ్యి రూపాయలు ఇవ్వాలని ఉంది. ఎప్పుడు పడతాయని అడిగితే నవ్వింది.

ఖాతాకు నంబరు మార్చడానికి వాడూ నేనూ మూడుసార్లు బ్యాంకుకు పోయాం. మొదటిసారి సర్వర్ లేదు. రెండోసారి ఆధార్‌లో ఇంటిపేరు అక్షరం తేడా. మూడోసారి అయింది. మూడు పూటలూ వాడికి క్లాసులు పోయాయి, ఒక ఆదివారం క్యాటరింగ్ పని పోయింది. ఆ పనికి రోజుకు 600 ఇస్తారు. లెక్కల మనిషి మా నాయిన అయితే ఇక్కడే ఆగిపోయేవాడు. రూలు ప్రకారం మొదట్లోనే పడాల్సిన డబ్బు నాలుగో నెలలో పడింది.

బోనాలకు ఇంటికి పోయినప్పుడు రాత్రి అరుగు మీద నాయిన పక్కన కూర్చున్నా. ఆయనకిప్పుడు అరవై దాటింది. నాలుగు మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకుంటాడు. ఇరవై రెండేళ్ళలో అడగనిది అడిగాను. "నాయినా, అప్పుడు గోలీలు ఎందుకు ఆపినవే?"

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బస్తాకు ఇంత అని ఇచ్చేటోడు బిడ్డా. గోలీకి కూలి ఎవడిస్తడు?" అన్నాడు. ఇంకాసేపటికి, "నువ్వు పాఠం చెప్పినవు. ఆ సారు తిట్టిండు. ఎందుకు ఆపినవని ఎవరు అడగలే" అన్నాడు. కోపంగా అనలేదు. వాన పడలేదు అన్నట్టు అన్నాడు.

మాట మార్చడానికి మా విద్యార్థి సంగతి చెప్పాను. నాయిన శ్రద్ధగా విన్నాడు. ఖాతా, నంబరు, వెయ్యి రూపాయలు వీటి గురించి ఏమీ అడగలేదు.

"మింగుతుండా?"

"మింగుతుండు నాయినా. ఒక్క రోజు తప్పలే."

"పొద్దున ఏం తిని మింగుతుండు?"

నాకు తెలియదు. నాలుగు నెలల్లో వాణ్ణి ఆ మాట అడగలేదు. ఆ రాత్రే ఫోన్ చేశాను. "టీ తాగుతా సార్" అన్నాడు.